నేరేడు పండ్లు వోడ్కాల నానబెడితే కిక్కు పెరుగుతదా, తగ్గుతదా?

జూన్ ఆఖరుకల్లా నేరేడు పండ్ల బుట్టలు రోడ్డు మీదికి రాంగనే జడ్చర్ల దిక్కైనా నల్గొండ దిక్కైనా మన దోస్తులల్ల ఎవరో ఒకరు అడుగుతరు, ఫుల్ బాటిల్ వోడ్కాల ఇన్ని నేరేడు పండ్లు ఏసి మూత పెడితే పది రోజులకు ఏమైతది, వైన్ అయితదా, గుడుంబ అయితదా, లేకపోతే ఖరాబైతదా అని. ఒకడేమో కిక్కు డబుల్ అయితది అంటడు, ఇంకొకడు వద్దురా అయ్యా కళ్లు పోతయి అంటడు. ఇద్దరిదీ తప్పే. పండు ఏస్తే కిక్కు పెరగదు, తగ్గుతది, ఎందుకంటే పండు నిండ నీళ్లే ఉంటయి. ఇంట్ల పండ్లు నానబెట్టే యవ్వారంల వచ్చే డౌట్లు సగానికి పైన ఈ నీళ్ల లెక్క కాడికే వచ్చి ఆగుతయి.

ముందుగాల మూడు పనులు విడదీసుకోవాలె, మన దగ్గర వీటన్నిటినీ ఇంట్ల మందు చేసుడు అని ఒకటే గాటన కట్టేస్తరు. ఒకటి పులిసుడు. కల్లు ఉన్నది కదా, చెట్టు మీదికెల్లి దిగినప్పుడు తియ్యటి నీరా, లొట్టిల ఉన్న ఈస్టు ఆ తీపిని తిని ఆల్కహాల్ చేస్తది, పొద్దుగాల తియ్యగ ఉన్నది సాయంత్రానికి పుల్లగైతది, ఇంకా ఉంచితే వెనిగర్ దిక్కు పోతది. ద్రాక్షతోటి ఇంట్ల వైన్ పెట్టుడు సుత ఇదే పని. రెండోది కాచుడు. నల్లబెల్లం, పటిక ఏసి పులవెట్టి, పొయ్యి మీద కాచి, ఆవిరిని చల్లార్చి పడితే గుడుంబ. మూడోది నానబెట్టుడు, మన ముచ్చట ఇదే. ఇందుల కొత్తగ ఒక్క చుక్క ఆల్కహాల్ సుత పుట్టదు, వైన్స్‌ల కొన్న సీసాల ఎంత ఉన్నదో అంతే, మనం దానికి పండు వాసన, రంగు, పులుపు పట్టిస్తున్నం గంతే.

చట్టం సంగతి రెండు మాటల్ల చెప్పి పోత. కాచుడు నేరం, దాంట్ల అనుమానమే లేదు, సారా మీద 1993 అక్టోబర్ 1న వచ్చిన నిషేధం ఉమ్మడి రాష్ట్రంల 1995ల పెట్టిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997ల ఎత్తేసినంక సుత అట్లనే ఉన్నది. లైసెన్సు లేకుంట పులవెట్టుడు సుత తయారీ కిందికే వస్తది. నానబెట్టుడు కాడికొస్తే, మన దేశంల ఎక్సైజ్ చట్టాలు తయారీ అనే మాటను చానా వెడల్పుగ రాసుకున్నయి, కొన్ని రాష్ట్రాల్ల మందుల రంగు, వాసన కలిపినా అందుల పడుతది. కాబట్టి బిల్లు ఉన్న సీసా, ఇంట్లోళ్ల కోసం ఒకటో రెండో జార్లు, అమ్ముడు లేదు, ఫంక్షన్లకు సప్లై లేదు, ఇన్‌స్టాల ఆర్డర్లు తీసుకునుడు అసలే లేదు, ఇట్ల ఉంటేనే నయం. ఇగ తెలంగాణల 21 ఏండ్లు నిండనోళ్లకు మందే లేదు, తియ్యగ ఉన్నది కదా అని పోయరాదు.

కళ్లు పోయే ముచ్చట మిథనాల్‌ది. ఇది మనం తాగే ఆల్కహాల్‌కు దగ్గరి చుట్టమే గని విషం, ఒంట్లకు పోయినంక కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగ మారుస్తది, ఆ ఆమ్లం కంటి నరాన్ని కొడుతది. కల్తీ సారాతోటి జనం గుంపులు గుంపులుగ చచ్చిపోయిన కేసులల్ల చానా వరకు ఫ్యాక్టరీలకు పోయే మిథనాల్ తెచ్చి కలిపినోళ్ల పనే. పండుల ఉండే జిగట పదార్థం పెక్టిన్ నుంచి సుత నానబెట్టినప్పుడు మిథనాల్ రవ్వంత బయటికొస్తది, లేదని చెప్పను, గని మామూలు పండ్లరసంల సుత అంతో ఇంతో ఉంటది, ఆ కొంచెంతోటి కళ్లు పోవు. అసలు ప్రమాదం ఎక్కడ వస్తదంటే, ఇంటర్నెట్‌ల నిమ్మతొక్కతోటి చేసే ఇటలీ లిమోన్‌చెల్లో వీడియో చూస్తరు, అండ్ల 95 శాతం స్పిరిట్ అంటడు, ఇటలీల అది తాగే స్పిరిట్‌గనే షాపుల దొరుకుతది, మన వైన్స్‌ల దొరకదు, అప్పుడు మనోడు మెడికల్ షాపుకు పోయి సర్జికల్ స్పిరిట్ అడుగుతడు. అది తాగకుండ ఉండేందుకే విషం కలిపి అమ్మేది. 2020ల ప్రకాశం జిల్లా కురిచేడుల మందు దొరకక శానిటైజర్ తాగి పదిమందికి పైన చచ్చిపోయిండ్రు. వైన్స్‌ల సీల్ ఉన్న సీసా తప్ప వేరే ఏదీ జార్‌ల పోయొద్దు, బెల్టు షాపు లూజ్ మాలు సుత వద్దు.

ఇగ నీళ్ల లెక్క. మన వోడ్కా, రమ్ము, బ్రాందీ ఏ సీసా తిప్పి చూసినా 42.8 శాతం అని ఉంటది, పక్కన 75 డిగ్రీల ప్రూఫ్ అనో 25 యూపీ (అండర్ ప్రూఫ్, అంటే 100 ప్రూఫ్‌కు 25 తక్కువ) అనో రాస్తరు. ఈ చిల్లర నంబర్ ఎందుకొచ్చిందంటే బ్రిటిషోళ్ల కొలతల 100 ప్రూఫ్ అంటే 57.1 శాతం, దాంట్ల ముప్పావు పట్టుకుంటే 42.8. అంటే 750 మిల్లీ ఫుల్ బాటిల్‌ల అసలు ఆల్కహాల్ 321 మిల్లీ, మిగతాది నీళ్లే.

ఈ సీసాను గింజ తీసిన అర కిలో నేరేడు గుజ్జు మీద పోసినం అనుకోండ్రి. నేరేడుల నూటికి 84 వంతుల దాకా నీళ్లుంటయి, అంటే 420 మిల్లీ. వారం పది రోజులల్ల ఆల్కహాల్ పండ్లకు పోతది, పండుల నీళ్లు బయటికొస్తయి, లోపలా బయటా సమానం అయ్యేదాకా ఈ మారకం నడుస్తనే ఉంటది. ఆఖరుకు 321 మిల్లీ ఆల్కహాల్ 1,170 మిల్లీల పంచుకుంటది, అంటే 27 శాతం చిల్లర. కిక్కు డబుల్ కాలేదు, మూడో వంతు పోయింది. దాని మీద 200 గ్రాముల చక్కెర, 200 మిల్లీ నీళ్ల పాకం పోస్తే 21, 22 కాడికి వస్తది. అదే ఆశకు పోయి కిలో గుజ్జు కుక్కితే పాకం పోయకముందే 20 అయితది, పోసినంక 17కు దిగుతది.

17కు దిగితే ఏమైతది అంటే, మామూలు ఈస్టు 15 నుంచి 18 శాతం ఆల్కహాల్ దాకా బతుకుతది, దాని మీద ఇగ అది పని చెయ్యలేదు. పోర్చుగల్‌ల పోర్ట్ వైన్‌ల బ్రాందీ పోసి 20 చుట్టుపక్కలకు తెచ్చేది సుత ఇందుకే, పులుసుడు ఆగిపోతది, తీపి మిగులుతది. జపాన్‌ల చానా ఇండ్లల్ల ఉమె అనే పుల్లటి కాయలు నానబెట్టి ఉమెషు అనే మందు పెట్టుకుంటరు, వాళ్ల ప్రభుత్వం 1962ల ఇండ్లల్ల చేసుకోనిచ్చింది గని పోసే మందు 20 శాతానికి తక్కువ ఉండొద్దు అని షరతు పెట్టింది, ద్రాక్ష ఏసుడు సుత వద్దన్నది. ఎందుకంటే తక్కువ ఆల్కహాల్‌ల పండు ఏస్తే అది నానుడు కాదు, పులుసుడు మొదలైతది. కాబట్టి ఇంట్ల ఒక్కటే గీత గుర్తుపెట్టుకోవాలె, చివరి లెక్క 20కి పైన ఉంటే అలమారల నెలలు ఉంటది, కిందికి పోతే ఫ్రిజ్‌ల పెట్టి వారం పది రోజులల్ల ఒడగొట్టాలె. మూత తీస్తె బుస్సుమని గ్యాస్ వస్తే పులిసిందని అర్థం, పారబొయ్యాలె. బీరుల పండ్లు ఏసి దాచేటోళ్లు సుత ఉన్నరు, బీరుల ఉండేదే 5 నుంచి 8 శాతం, అది ఏ పండునూ కాపాడదు, ఆ పూట తాగాల్సిందే.

ఇదే లెక్కల ఇంకో మెలిక ఉన్నది. 60 మిల్లీ పెగ్గుల మామూలు వోడ్కా అయితే ఆల్కహాల్ 25 మిల్లీ పైన, నేరేడుది అయితే పాకం పోయకముందు 16, పోసినంక 13. ఇది విని తేలిక అనుకుంటరు, గని చక్కెర, పండు వాసన కలిసినంక గొంతుల మంట ఉండదు, రస్నా తాగినట్టు నాలుగు పోతయి, లేచి బండి స్టార్ట్ చేసినప్పుడు తెలుస్తది. జార్ మీద తారీఖుతోటి పాటు శాతం రాసి పెట్టండ్రి, వచ్చినోళ్లకు చెప్పి పోయండ్రి.

అసలు మందుల పండు నానినప్పుడు లోపల ఏం జరుగుతదంటే, 42.8 శాతం మందుల సగానికి పైన నీళ్లు కదా, ఆ నీళ్లు చక్కెర, పులుపు, నేరేడు రంగు అసుంటివి లాగుతయి, ఆల్కహాల్ ఏమో నీళ్లల్ల కరగని తొక్కల నూనెలు, మసాల వాసనలు లాగుతది. రెండూ ఒకటే సీసాల ఉన్నయి కాబట్టే మన మామూలు వోడ్కా ఈ పనికి మస్తు సరిపోతది. ఖరీదైన సీసా దండుగ, పండు వాసన ముందు దాని సొగసు ఎవరికీ తెల్వదు. మన దగ్గర చవక బ్రాందీలు, విస్కీలు చానా వాటికి అడుగున ఉండేది మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి తీసిన స్పిరిటే, పైన రంగూ ఫ్లేవరూ మారుస్తరు, అందుకే వాసన లేని వోడ్కాల పండు మంచిగ తెలుస్తది, మామిడికి తెల్ల రమ్ము సుత నడుస్తది, విస్కీ మాత్రం పండుతోటి కొట్లాడుతది.

పండ్ల కాడికొద్దాం. నల్గొండ అంటే బత్తాయి, సాత్‌గుడి రకం, ఇక్కడికెల్లి ఢిల్లీ, కోల్‌కతా దాకా లారీలు పోతయి. బత్తాయి చూడంగనే అందరు చేసేది తొనలు ఒలిచి జార్‌ల ఏసుడు, అది పనికిరాదు. బండి మీద పిండిచ్చిన బత్తాయి రసం అప్పుడే తాగితే తియ్యగ ఉంటది, బాటిల్‌ల పోసుకొని ఇంటికొచ్చి కొద్దిసేపు పెడితే చేదు తగులుతది, చూసే ఉంటరు. తొన పొరల, గింజల చేదు లేని ఒక పదార్థం ఉంటది, పిండినప్పుడు అది రసంల పులుపుతోటి కలిసి మెల్లగ లిమోనిన్ అనే చేదుగ మారుతది. రెండు గంటలకే అట్లయితే పది రోజులు మందుల నానితే ఏమైతదో చెప్పాల్నా. పైనుంచి తొనలల్ల నీళ్లు మస్తు, 42 సీదా 20లకు దిగుతది.

బత్తాయిల మనకు కావాల్సింది తొక్క, అది సుత పైపొర ఒక్కటే. ఆ పొరల సన్న సన్న సంచుల లెక్క నూనె ఉంటది, గోరుతోటి గిల్లితే కంట్ల చిమ్ముతది చూడు, వాసనంత అదే. దాని కింద తెల్లటి దళసరి పొర చేదు. ఆలుగడ్డ పొట్టు తీసే పీలర్‌తోటి చెయ్యి తేలిక పెట్టి తియ్యాలె, తెల్లది అంటుకుంటే చాకుతోటి గీకెయ్యాలె. నాలుగైదు కాయల తొక్క ఒక ఫుల్‌కు చాలు, ఐదారు రోజులల్ల తొక్క రంగు పోయి పెళుసుబారితే పని అయిపోయినట్టు. తొక్కల నీళ్లు తక్కువ కాబట్టి శాతం 40 చుట్టే ఉంటది, అందుకే కొత్తగ మొదలు పెట్టేటోళ్లకు నేను ముందు బత్తాయి తొక్కే చెప్త, ఖరాబయ్యే భయం లేదు, లెక్క తప్పినా ఏం కాదు, మిగిలిన తొనలు పిల్లలు తింటరు. చల్లారిన చక్కెర పాకం పోయంగనే తెల్లగ మబ్బు పట్టొచ్చు, భయపడొద్దు, శాతం తగ్గేసరికి నూనె కరిగి ఉండలేక సన్న చుక్కలై తేలుతది, అది ఖరాబు కాదు.

నిమ్మకు సుత ఇదే పద్ధతి, నక్రేకల్ మార్కెట్‌కు వచ్చే మన నిమ్మకాయ తొక్క మాత్రం మరీ పల్చన, పీలర్ పెడితే తెల్లది వచ్చేస్తది, సన్నటి తురుముడు పీటతోటి పైపైన తురమాలె. ఇంకో మాట, తొక్కనే వాడుతున్నం కాబట్టి కొట్టిన మందులు, సూపర్ మార్కెట్ల పూసే మైనం అంత తొక్క మీదనే ఉంటయి, ఆల్కహాల్ వాటిని సుత కడుగుకొని తెస్తది. తెలిసిన తోటకెల్లి తెచ్చుకుంటే మంచిది, లేకపోతే గోరువెచ్చటి నీళ్లల్ల బ్రష్‌తోటి రుద్ది, తుడిచి ఆరబెట్టినంకనే వాడాలె.

సీతాఫలం మీద మాత్రం గట్టిగ చెప్పాలె. మహబూబ్‌నగర్ సీతాఫలం అంటే దేశంల పేరు, బాలానగర్ అని ఒక రకానికే మన ఊరి పేరున్నది, కాబట్టి దీన్నే నానబెడితే బాగుంటది అని ఎవరికైనా అనిపిస్తది. వద్దు. గుజ్జుల రవ్వ కరగదు, వడకట్టరాదు, వాసన మరీ సున్నితం, మందు ఘాటుల కొట్టుకపోతది, వేడి చేస్తే చేదెక్కుతది. అవన్నీ పోనీయండ్రి, గింజ విషం. పాతకాలంల పేన్లకు సీతాఫలం గింజలు నూరి తలకు పెడుతుండిరి, ఆ పొడి కంట్ల పడి చూపు దెబ్బతిన్నోళ్లు ఉన్నరు. ఆ గింజల ఉండే విషం నీళ్లల్ల కంటే ఆల్కహాల్‌ల మంచిగ కరుగుతది, పండు తినేటప్పుడు గింజ ఊసేస్తం, లేకపోతే పొరపాటున మింగినా నమలకుంటే అట్లనే పోతది, గని మిక్సీల గుజ్జుతోటి పాటు రెండు గింజలు నలిగి మందుల పడితే అది వేరే కథ. సీతాఫలం తినేదానికే.

నేరేడు అయితే దీనికే పుట్టినట్టు ఉంటది. రంగు, వగరు, పులుపు మూడూ ఉన్నయి. గింజ తీసెయ్యాలె, లేకపోతే వగరు నాలుకను పట్టేస్తది. ఊదా రంగు పులుపును బట్టి మారుతది, నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే ఎర్రగ తిరుగుతది, పిల్లల సైన్స్ ప్రయోగమే. వారం తర్వాత రోజుకో చెంచా రుచి చూసుకుంట పోవాలె, వగరు ముందుకొస్తున్నది అనిపించంగనే వడగట్టాలె, ఎన్ని రోజులు ఉంచితే అంత మంచిది అనేది నేరేడుకు వర్తించదు.

మామిడి కొల్లాపూర్ దిక్కు బేనిషాన్ అయితే ముక్క గట్టిగ ఉంటది, చెదరదు, రసాలు పనికిరావు, పీచు, గుజ్జు కలిసి మురికి మురికిగ అయితది. తొక్క తియ్యాలె, సొన అంటితే మూతి పొక్కుతది కదా, అది సుత మందుల దిగుతది. జామకాయల పెక్టిన్ ఎక్కువ, ఆల్కహాల్ తగలంగనే పెక్టిన్ ముద్దకడుతది, అడుగున జెల్లీ పేరుకుంటది, వాసన మాత్రం బ్రహ్మాండం, ఓపిక ఉంటే చేసుకోండ్రి. తాటి ముంజలు దండుగ. రేగు పండ్లు సంక్రాంతి ముందట చేసుకోవచ్చు, ఎండు రేగు అయితే ఇంకా మంచిది, నీళ్లు ఉండయి కాబట్టి శాతం పడిపోదు. కిస్‌మిస్, ఖర్జూరం సుత అంతే, క్రిస్మస్ కేకు కోసం రమ్ముల నానబెట్టిన కిస్‌మిస్‌లు నెలల తరబడి చెడకుండ ఉండేది అందుకే.

మసాలలు ఎయ్యాలనిపిస్తే చెయ్యి దగ్గర పెట్టుకోవాలె. సీసాకు రెండు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, అది సుత ఒక్క రోజుకు తీసెయ్యాలె, లేకపోతే పండు పోయి పంటి నొప్పి మందు వాసన మిగులుతది. ఎండుమిర్చి అయితే గంటల లెక్కే.

చక్కెర ఎప్పుడు ఎయ్యాలె అని కొట్లాడుకుంటరు. ముందే ఏస్తే ఆవకాయల ఉప్పు ఊట దించినట్టు పండుల నీళ్లను లాగుతది, జపానోళ్లు కలకండ ముందే ఏస్తరు, వాళ్ల కాయ పుల్లగ, గట్టిగ ఉంటది కాబట్టి వాళ్లకు అది కుదిరింది. మన పండ్లు ఒక్కో చెట్టుకు ఒక్కో తీపి, అందుకే నేనైతే వడగట్టినంక రుచి చూసి పాకం కలుపుకొనుడే మంచిదంట, ఎక్కువైన చక్కెరను వెనక్కి తియ్యరాదు.

పండు ముక్క మందుల మునిగి ఉండాలె, ఇది మాత్రం మర్చిపోవద్దు. పైకి తేలిన ముక్కకు గాలి తగిలి నల్లబడుతది, బూజు పడుతది, సీసాల 40 శాతం ఉన్నా పైన తేలిన ముక్కకు అది అందదు. అందుకే జార్ నిండుగ ఉండాలె, రోజుకోసారి తిప్పాలె. జార్ గాజుదే వాడాలె, పాత హార్లిక్స్ సీసా కడిగి ఎండబెడితే చాలు. ప్లాస్టిక్ డబ్బా, అల్యూమినియం, రాగి, ఇత్తడి వద్దు, పూత తెలియని పాత జాడీలు సుత వద్దు, పులుపూ ఆల్కహాలూ కలిసి పూతల సీసం ఉంటే దింపుతయి.

ఎండల పెట్టొద్దు, రంగు ఎలిసిపోతది. ఎండాకాలం అయితే ఇంకో సంగతి, 40 శాతం మందు మీద లేసే ఆవిరి 26 డిగ్రీల కాడనే నిప్పు తగిలితే అంటుకునేంత అయితది. మన నల్గొండల మే నెలల వంటింట్లనే 40 ఉంటది. గ్యాస్ పొయ్యి పక్కన నిలబడి జార్ వడగట్టుడు, తొందరగ దిగాలని పొయ్యి మీద పెట్టి వేడి చేసుడు అసలు చెయ్యరాదు. పాకం సుత వేరేగ కాచి, పూర్తిగ చల్లారినంకనే, పొయ్యి ఆర్పి ఉన్నప్పుడు కలపాలె.

వడగట్టేదానికి ముందు టీ జాలి, తర్వాత సన్నటి కాటన్ గుడ్డ నాలుగు మడతలు, పిండకుండ దానంతట అది దిగనియ్యాలె, పిండితే మడ్డి అంత వస్తది. రెండు రోజులు కదలకుండ పెడితే అడుగున పేరుకుంటది, పైది మెల్లగ వంపుకోవాలె. కొత్తగ దింపింది ఘాటుగ ఉంటది, రెండు మూడు వారాలు ఉంచితే వాసనలు ఒకదాంట్ల ఒకటి కలిసి మెత్తబడుతది.

మిగిలిన ముక్కలను చూసి మోసపోవద్దు, బయట ఎంత శాతం ఉన్నదో లోపల సుత అంతే ఉంటది, పిడికెడు నేరేడు గుజ్జు తింటే ఒక పెగ్గు తాగినట్టే. ఐస్‌క్రీం మీద ఏసుకోవచ్చు, కేకుల కలపొచ్చు, చక్కెరతోటి ఉడికిచ్చి జామ్ చెయ్యాలంటే పొయ్యికి దూరంగ ముందు మందంత వంపేసి, కిటికీలు తీసి, సన్నటి సెగ మీద చెయ్యాలె, ఉడికినా ఆల్కహాల్ మొత్తం పోదు కాబట్టి పిల్లల టిఫిన్ డబ్బాల పెట్టరాదు. పెంట మీద పారేసేటట్టు ఉంటే మన్ను కప్పండ్రి, లేకపోతే పక్కింటోళ్ల కోళ్లు తిని పడిపోతే వాళ్లకు జవాబు చెప్పుకునుడు కష్టం.